కాగితాన్ని నిలబెట్టిన జోసెఫ్ ఆల్బర్స్

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగారు. దేశనాయకుల గురించి, కవుల గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మన సంఘంలోనే ఉన్నారు. ముప్పైఆరేళ్ళ సర్వీసులో నాకు నిజంగా పరిచయమైన వస్తువు ఒక్కటే, కాగితం. అందుచేత కాగితంతో పాఠం చెప్పిన ఒక చిత్రకారుని గురించి రాస్తానన్నాను. ఆయన జర్మనీ దేశస్థుడు, పేరు జోసెఫ్ ఆల్బర్స్. చనిపోయి దాదాపు అర్ధశతాబ్దం అవుతోంది. మనలో చాలామందికి ఈ పేరు కొత్త కావచ్చు. నాకూ మొన్నమొన్నటి దాకా కొత్తే.

అయితే ఆయన నా ఇంట్లో నలభై ఏళ్ళకు పైగా ఉన్నారు. నాకు తపాలా బిళ్ళలు దాచే అలవాటు ఉంది. మా పెద్దమ్మగారి అబ్బాయి అమెరికా నుంచి రాసే ఉత్తరాల మీది బిళ్ళలను నీళ్ళలో నానబెట్టి, ఊడదీసి, ఆల్బమ్‌లో అతికించేవాణ్ణి. 1980లో అక్కడి తపాలా శాఖ విద్యను గురించి వేసిన 15 సెంట్ల బిళ్ళ ఒకటి వాటిలో ఉంది. దాని మీద మనిషి లేడు, చెట్టు లేదు, జంతువు లేదు. ఒక చదరం, దాని లోపల ఇంకో చదరం, దాని లోపల మరో చదరం, అంతే. ఇది గీయడానికి కూడా ఒక చిత్రకారుడు కావాలా అనుకుని ఆల్బమ్ చివరి పేజీలో, చిరిగిన బిళ్ళల పక్కన పెట్టాను.

తర్వాత ఎన్నో ఏళ్ళకు మా మనుమరాలు ఆర్కిటెక్చరు చదువులో చేరింది. మొదటి సంవత్సరంలోనే ఇంటినిండా మడిచిన కాగితాలు. కత్తెర వాడకూడదట, జిగురు వాడకూడదట, కాగితం మాత్రమే వాడి ఏదైనా కట్టుకు రమ్మన్నారట. ఫీజు కట్టి చదివించేది పడవలు చేయడానికా అని నేను కొంచెం విసుక్కున్నమాట నిజం. అప్పుడు ఆ పిల్ల తన పుస్తకం తెచ్చి, ఈ పాఠం మొదలుపెట్టినది ఈయనే తాతయ్యా అని చూపించింది. ఆ పేజీలో చదరంలో చదరం బొమ్మ ఉంది. లేచి వెళ్ళి ఆల్బమ్ తీశాను. ఆ తర్వాత ఆయన గురించి దొరికినదల్లా చదివాను.

ఆల్బర్స్ 1888 మార్చి 19న జర్మనీలో బొగ్గుగనుల ప్రాంతమైన రూర్‌లోని బోట్రాప్ అనే పట్టణంలో పుట్టారు. తండ్రి లోరెంజ్ ఇళ్ళకు రంగులు వేసే పనివాడు. రంగులే కాదు, వడ్రంగం, గొట్టాల పని, అద్దాల పని, చేతికి ఏది వస్తే అది చేసేవాడు. తల్లి వైపు వారు కమ్మరులు. తలుపుకు రంగు వేసేటప్పుడు మధ్యలో మొదలుపెట్టి అంచులకు రావాలని తండ్రి కొడుక్కి నేర్పాడు. అలా చేస్తే కారిన రంగును కుంచె అందుకుంటుంది, చొక్కా చేతులకు అంటదు. ఈ మాట పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1908లో ఆయన ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు. మధ్యలో బెర్లిన్ వెళ్ళి చిత్రలేఖనం బోధించే శిక్షణ పొందారు. 1918లో సొంత ఊరి చర్చికి రంగుటద్దాల కిటికీ ఒకటి చేశారు. అది రెండో ప్రపంచయుద్ధంలో పోయింది. మ్యూనిక్‌లో కొంతకాలం చదివారు. 1920లో, ముప్పైరెండో ఏట, వైమార్ పట్టణంలో బౌహౌస్ అనే కొత్త పాఠశాల పెట్టారని తెలిసి, పంతులు పని పక్కన పెట్టి అక్కడ మళ్ళీ విద్యార్థిగా చేరారు. నెలనెలా జీతం వచ్చే పని వదలడం అంటే ఏమిటో మనవంటివారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ వయసుకు మనలో చాలామందికి ఇద్దరు పిల్లలు, ఒక సొసైటీ లోను ఉండేవి.

బౌహౌస్‌ను 1919లో వాల్టర్ గ్రోపియస్ అనే వాస్తుశిల్పి స్థాపించాడు. చిత్రకారుడు వేరు, వడ్రంగి వేరు అనే భేదం పోవాలని, కుర్చీ దగ్గరనుంచి ఇంటిదాకా అన్నీ అందంగా, అందరికీ అందేలా తయారుచేయాలని వారి సంకల్పం. పాల్ క్లే, కాండిన్‌స్కీ వంటి ఉద్దండులు అక్కడ గురువులు. వారి చిత్రాలు 1922 డిసెంబరులోనే కలకత్తాకు వచ్చి ప్రదర్శనలో నిలిచాయి.

ఆల్బర్స్ చేరిన కొత్తలో రంగులు కొనడానికి, గాజుపలకలు కొనడానికి చేతిలో డబ్బు లేదు. వీపుకు ఒక సంచి, చేతిలో ఒక సుత్తి పట్టుకుని ఊరి చెత్తకుప్పల దగ్గరికి వెళ్ళి పగిలిన సీసాల ముక్కలు ఏరుకొచ్చేవారు. వాటిని తీగతో, సీసంతో కట్టి, వెలుతురుకు ఎదురుగా పెడితే చిత్రాలయ్యేవి. పాఠశాలవారు గోడల చిత్రలేఖనం శాఖలో చేరమన్నా ఆయన గాజునే పట్టుకుని కూర్చున్నారు. చివరకు ఆ ముక్కల చిత్రాలు చూసినమీదట గాజుపని విభాగాన్ని నడపమని ఆయనకే అప్పజెప్పారు.

1923లో జర్మనీలో డబ్బు విలువ పూర్తిగా పడిపోయింది. రొట్టె కొనడానికి నోట్ల కట్టలు మోసుకుపోవలసిన రోజులు. పది లక్షలు, ఇరవై లక్షల మార్కుల నోట్లకు నమూనాలు గీసిన హెర్బర్ట్ బేయర్ కూడా బౌహౌస్ విద్యార్థే. కాగితం మీద ఎంత పెద్ద అంకె వేసినా అది కాగితమే అని ఆ దేశం మొత్తానికి తెలిసివచ్చిన సంవత్సరం అది. సరిగ్గా ఆ సంవత్సరమే గ్రోపియస్ ఆల్బర్స్‌ను పిలిచి, కొత్తగా చేరిన విద్యార్థులకు మొదటి తరగతి చెప్పమన్నాడు. 1925లో పాఠశాల డెస్సావ్ పట్టణానికి మారింది. ఆయన అక్కడ గురువుల జాబితాలోకి ఎక్కారు. 1928 నుంచి ఆ మొదటి తరగతి పూర్తిగా ఆయన చేతిలోకి వచ్చింది.

ఇక ఆ తరగతి సంగతి. అప్పటి విద్యార్థి హాన్నెస్ బెక్‌మాన్ తర్వాత రోజుల్లో రాసిన జ్ఞాపకం వల్ల అది మనకు తెలుస్తున్నది. మొదటి రోజు ఆల్బర్స్ చంకలో దినపత్రికల కట్టతో గదిలోకి వచ్చారు. తలా ఒకటి పంచిపెట్టారు. ఈ కాగితాన్ని ఇప్పుడున్న దానికంటే ఎక్కువగా చేయమన్నారు. కాగితం స్వభావాన్ని గౌరవించి చేయాలి, కత్తెర, జిగురు వంటివి లేకుండా చేయగలిగితే ఇంకా మంచిది. చెప్పి వెళ్ళిపోయారు. కొన్ని గంటల తర్వాత తిరిగి వచ్చి చేసినవన్నీ నేల మీద పరిపించి చూశారు. కోటలున్నాయి, పడవలున్నాయి, విమానాలు, జంతువులు, ముఖాలు, ఎంతో తెలివిగా చేసినవి. వాటన్నిటినీ పిల్లల ఆటబొమ్మలని తీసిపారేశారు. వాటిని వేరే వస్తువుతో ఇంకా బాగా చేయవచ్చునన్నది ఆయన అభ్యంతరం.

తర్వాత ఒక్కదాన్ని చూపించారు. హంగరీ నుంచి వచ్చిన ఒక యువ వాస్తుశిల్పి చేసినది. చూడటానికి ఏమీ లేదు. పత్రికను నిలువునా ఒక్క మడత మడిచి, రెక్కల్లా తెరిచి, అంచుల మీద నిలబెట్టాడు. ఆల్బర్స్ దాని విశేషం విడమరిచి చెప్పారు. పడుకోబెట్టిన కాగితం ఎంత మెత్తనిదో అంత చేతకానిది. ఒక్క మడతతో అది తనంతట తాను నిలబడింది. పడుకున్నప్పుడు ఒక వైపే కనబడేది, నిలబడితే రెండు వైపులా కనబడుతున్నది. ఎన్నడూ లెక్కలోకి రాని అంచు ఇప్పుడు బరువు మోస్తున్నది.

మిత్రులారా, ఇది చదివినప్పుడు నేను కొంచెంసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. సర్వీసులో చేరిన మొదటి రోజు హెడ్ క్లర్కుగారు నాకు నేర్పిన మొదటి పని, మార్జిన్ కోసం తెల్లకాగితాన్ని నిలువునా మడవడం. గోటితో గీరి, తెరిచి, ఎడమవైపు వదిలి రాయడం. రోజుకు ఎన్ని కాగితాలు, ఏడాదికి ఎన్ని, ముప్పైఆరేళ్ళకు ఎన్ని! ఒక్కనాడూ ఒక్కదాన్నీ బల్లమీద నిలబెట్టి చూడలేదు. ఆ హంగరీ కుర్రవాడు చేసిన మడత సరిగ్గా ఆ మడతే.

మడతలో బలం ఉంది, బలహీనతా ఉంది. మన మిత్రుడొకరి సర్వీసు కాగితం ఎన్నిసార్లు మడిచారో గాని, పింఛను లెక్క కట్టేవేళకు సరిగ్గా మడత దగ్గరే చిరిగి, ఒక ఇంక్రిమెంటు తేదీ కనబడకుండా పోయింది. ఆ తేదీ రుజువు చేయడానికి ఆయన పద్నాలుగు నెలలు తిరిగారు. ఏ కార్యాలయమో ఇక్కడ అప్రస్తుతం. ఆల్బర్స్ క్లాసులో ఇది కూడా పాఠమే. మడిచినచోట కాగితపు పీచు నలుగుతుంది. ఎన్నిసార్లు మడవవచ్చు, ఏ దిక్కుకు మడిస్తే పీచు విరగదు, ఎక్కడ ఆగాలి, ఇవన్నీ విద్యార్థి తన వేళ్ళతో కనుక్కోవలసిందే. ఆయన ముందుగా సూత్రం చెప్పరు. పుస్తకం చూడనివ్వరు. చేసి, చెడగొట్టి, అందరిముందూ పెట్టి, ఎందుకు చెడిందో మాట్లాడుకోవాలి. పనిముట్లు తక్కువ, వస్తువు తక్కువ, వృథా తక్కువ, ఫలితం ఎక్కువ ఉండాలని ఆయన లెక్క. అట్టముక్కలు, అగ్గిపెట్టెలు, తీగ, బ్లేడ్లు, గోడకు అంటించే కాగితం, అన్నీ ఆ తరగతిలోకి వచ్చాయి. పెట్టెలు చేసేవారి దగ్గరికి, బుట్టలల్లేవారి దగ్గరికి పిల్లలను తీసుకువెళ్ళి, పాతకాలపు పనివాళ్ళు వస్తువును ఎంత పొదుపుగా వాడతారో చూపించేవారు.

ఇంట్లో మీరే చూడవచ్చు. రెండు గ్లాసులు జానెడు దూరంలో పెట్టి, పైన ఒక తెల్లకాగితం వంతెనలా పరవండి. దానికదే కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలాగా ముందుకొకటి వెనక్కొకటి సన్నటి మడతలు పెట్టి పరిస్తే, మూడో గ్లాసును కూడా మోస్తుంది. మన రేకుల షెడ్డు నిలబడేది ఈ కిటుకు మీదే. సాపురేకు వేస్తే వంగిపోతుంది, అలలు తిరిగిన రేకు మనిషిని మోస్తుంది.

ఆల్బర్స్ విద్యార్థులు ఇంకా ముందుకు వెళ్ళారు. గుండ్రంగా కత్తిరించిన కాగితం మధ్యలో ఒక గుండ్రని రంధ్రం చేసి, ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు గీసి, ఒక వలయాన్ని పైకి, మరో వలయాన్ని కిందికి మడుచుకుంటూ పోయారు. అన్నీ మడిచి చెయ్యి వదిలితే అది బల్లపరుపుగా ఉండదు. తనంతట తాను మెలి తిరిగి గుర్రపు జీనులాగా లేస్తుంది. ఎవరూ దాన్ని అలా వంచలేదు. మడతలన్నీ కలిసి దాన్ని అలా వంచాయి. చదరాలతో చేసినా ఇలాంటి వంపే వస్తుంది. 1920ల చివర తీసిన ఛాయాచిత్రాలలో ఇవి కనబడతాయి.

దీనికి ఒక కొసరు కథ ఉంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఎరిక్ డెమైన్ అనే గణితవేత్త, ఆయన తండ్రి మార్టిన్ డెమైన్, మరి కొందరు కలిసి 2009 ప్రాంతంలో ఈ చదరాల మడతను గణితంతో పరీక్షించారు. గీసిన మడతలు తప్ప కాగితంలో ఇంకెక్కడా చిన్న ముడత కూడా పడకుండా ఆ వంపు రావడం అసాధ్యమని రుజువు చేశారు. అంటే మన చేతిలో అది తయారవుతున్నదంటే, కంటికి కనబడని చిన్న చిన్న ముడతలు వేసుకుని కాగితమే సర్దుకుంటున్నదన్నమాట. ఎనభై ఏళ్ళుగా విద్యార్థులు చేస్తున్న వస్తువు లెక్కప్రకారం లేనేలేదట. గుమాస్తాలకు ఇందులో ఆశ్చర్యం లేదు. రూలు ప్రకారం కుదరనిదాన్ని కుదిర్చి ఫైలు కదిలించడం మనం చూడనిదా?

జర్మనీలో చిన్నపిల్లల బళ్ళను మొదలుపెట్టిన ఫ్రోబెల్ అప్పటికే కాగితం మడతలను ఆటపాఠాలలో చేర్చి ఉన్నాడు. ఆ ఆటపాఠాలు మన దక్షిణదేశానికి కూడా వచ్చాయి. మద్రాసు రాజధానిలో రెవిన్యూ శాఖలో పనిచేసిన టి. సుందరరావుగారు వాటిని చూసి, కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే పుస్తకాన్ని ఇంగ్లీషులో రాసి 1893లో మద్రాసులో అచ్చువేయించారు. జర్మనీలో మహా గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించారు. 1901లో అది అమెరికాలో మళ్ళీ అచ్చయింది. ఆల్బర్స్ దాన్ని చూశారని నేను అనడం లేదు. ఒక ప్రభుత్వోద్యోగి తాలూకాఫీసు పనుల మధ్య ఈ పని చేశారని మన పత్రికలో ఒక మాట ఉండాలని రాస్తున్నాను, అంతే.

ఆల్బర్స్ ఇల్లాలి గురించి చెప్పకపోతే కథ సగమే. ఆమె ఆన్నీ ఫ్లైష్‌మాన్, 1899లో బెర్లిన్‌లో సంపన్న యూదు కుటుంబంలో పుట్టారు. బౌహౌస్‌లో ఆడపిల్లలను నేతశాలకే పంపేవారు. ఆమెకు మొదట నేత ఇష్టం లేదు. తర్వాత అదే ఆమె జీవితమైంది. 1925లో ఇద్దరికీ పెళ్ళయింది. 1928లో డెస్సావ్‌లో గురువుల కోసం కట్టిన తెల్లటి జంట ఇళ్ళలో ఒక భాగం వారికి దొరికింది. పైన పెద్ద కిటికీతో పనిగది, కింద సంసారం. బెర్లిన్ దగ్గర బెర్నావ్‌లో జర్మన్ కార్మిక సంఘాల సమాఖ్య కట్టుకున్న శిక్షణ పాఠశాల సభామందిరంలో మాట ప్రతిధ్వనించకుండా, వెలుతురు ప్రతిఫలించేలా గోడకు ఒక బట్ట నేసి ఇచ్చారు ఆన్నీ. 1930లో ఆమె పట్టా పొందినది ఆ బట్ట మీదే. ఉద్యోగుల సంఘ పత్రికలో ఈ సంగతి చెప్పుకోవడం నాకు ప్రత్యేకంగా సంతోషం.

తర్వాత చెడ్డ రోజులు వచ్చాయి. 1932లో డెస్సావ్ పాఠశాలను మూయించారు. బెర్లిన్‌లో పాత టెలిఫోను కర్మాగారంలో కొన్నాళ్ళు నడిపారు. 1933 ఏప్రిల్‌లో పోలీసులు వచ్చి సోదా చేసి తాళాలు వేశారు. వేసవిలో మిగిలిన గురువులు కూర్చుని తామే పాఠశాలను రద్దుచేసుకున్నారు. అందులో ఆల్బర్స్ ఒకరు. నలభైఅయిదేళ్ళ వయసులో ఉద్యోగం పోయింది. భార్య యూదురాలు. ఆ సంవత్సరం ఆ దేశంలో దాని అర్థం ఏమిటో చరిత్ర చదివినవారికి తెలుసు.

అదృష్టవశాత్తు ఆమె నేసిన బట్టలు చూసి ఉన్న ఫిలిప్ జాన్సన్ అనే అమెరికన్ సిఫారసు మీద, నార్త్ కరొలినా కొండల్లో అప్పుడే పెట్టిన బ్లాక్ మౌంటెన్ కళాశాల నుంచి పిలుపు వచ్చింది. 1933 నవంబరు చివర దంపతులిద్దరూ ఓడ దిగారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కళ్ళు తెరిపించడమే తన పని అని నాలుగు మాటల్లో చెప్పగలిగేటంత వచ్చు. ఆ కళాశాలకు డబ్బు లేదు. గురువులు, విద్యార్థులు కలిసి పొలంపని చేసుకునేవారు, కట్టడాలు కూడా తామే కట్టుకున్నారు. చెత్తకుప్పల్లో గాజుముక్కలు ఏరుకున్న మనిషికి అది లోటనిపించలేదు. అడవిలో రాలిన ఆకులు తెప్పించి రంగుల పాఠం చెప్పారు. దినపత్రికల కట్ట అక్కడా తప్పలేదు. ఆన్నీ తల్లిదండ్రులు మాత్రం 1939లో గాని బయటపడలేకపోయారు. మెక్సికోలోని వెరాక్రూజ్ రేవులో కూతురు, అల్లుడు వెళ్ళి వారిని కలుసుకున్నారు.

అక్కడ ఆయన దగ్గర చదివినవారిలో రూత్ అసావా అనే జపాను సంతతి అమ్మాయి కథ నన్ను కదిలించింది. కాలిఫోర్నియాలో కూరగాయలు పండించుకునే కుటుంబం. 1942లో యుద్ధం పేరుతో అమెరికా ప్రభుత్వం అక్కడి జపాను జాతివారినందరినీ నిర్బంధ శిబిరాల్లో పెట్టినప్పుడు ఆ పిల్లను, తల్లిని, తోబుట్టువులను గుర్రపుశాలలో ఉంచారు. విడుదలయ్యాక టీచరు కావాలని చదివితే, జపాను పిల్లకు ఉద్యోగం ఇవ్వరని శిక్షణ పూర్తి కానివ్వలేదు. 1946లో ఆమె బ్లాక్ మౌంటెన్ వచ్చి ఆల్బర్స్ తరగతిలో కూర్చుంది. తన దేశం తనను అనుమానిస్తే పారిపోయి వచ్చిన జర్మన్ గురువు, తన దేశం తనను అనుమానించిన అమెరికన్ శిష్యురాలు. ఇద్దరి మధ్య కాగితం. ఆమె తర్వాత తీగతో బుట్టల్లాంటి శిల్పాలు అల్లి పేరు తెచ్చుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని జపాను పేటలో 1976లో కాగితపు మడతల ఆకారంలోనే ఫౌంటెన్లు కట్టారు. 2013లో మరణించారు. ఆ ఊళ్ళో కళల ఉన్నత పాఠశాలకు ఇప్పుడు ఆమె పేరే ఉంది.

గురువుగా ఆయన మెత్తని మనిషి కాదు. క్రమశిక్షణ ఎక్కువ, మెచ్చుకోలు తక్కువ. తర్వాత జగత్ప్రసిద్ధుడైన రాబర్ట్ రౌషెన్‌బర్గ్ ఆయన తరగతిలో వణికిపోయేవాడు, అయినా తన గురువుల్లో ముఖ్యుడు ఆయనేనని జీవితాంతం చెప్పుకున్నాడు. నా అభిప్రాయంలో ఆ కరుకుదనం కొంత తగ్గినా పాఠానికి నష్టం ఉండేది కాదు. మొదటి రోజున కష్టపడి కోట కట్టిన కుర్రవాడికి అది ఆటబొమ్మ అని అందరిముందూ అనిపించుకోవడం ఎలా ఉంటుందో, ఫెయిర్ కాపీ చింపి ముఖాన వేయించుకున్నవారికి తెలుస్తుంది.

1949లో కళాశాలలో వచ్చిన విభేదాల వల్ల అక్కడినుంచి బయటపడి, 1950లో యేల్ విశ్వవిద్యాలయంలో డిజైన్ శాఖకు అధ్యక్షులయ్యారు. అప్పటికి ఆయనకు అరవైరెండేళ్ళు. మన రోజుల్లోని లెక్కన రిటైరై నాలుగేళ్ళు గడిచిన వయసు. ఆ సంవత్సరమే నా తపాలా బిళ్ళ మీది చదరాలు మొదలుపెట్టారు. ఆ వరసలో వెయ్యికి పైగా చిత్రాలు వేశారు, చనిపోయేదాకా ఆపలేదు.

ఆ పనిగది ఎలా ఉండేదో చెబుతాను. ఇంటి నేలమాళిగలో ఉండేది. శుభ్రంగా, ఆస్పత్రి గదిలా ఉండేదట. చిత్రకారుల గదుల్లో కనిపించే రంగుల మరకలు, చిందరవందర లేవు. బల్లల మీద ట్యూబులైట్లు వేరు వేరు పొందికలో ఉండేవి. కొన్ని పచ్చని వెచ్చటి వెలుతురు ఇచ్చేవి, కొన్ని చల్లని తెల్లటివి. ఒకే చిత్రాన్ని ఆ వెలుతురులో, ఈ వెలుతురులో పెట్టి చూసేవారు. గుడ్డ వాడరు. హార్డ్‌బోర్డు పలకకు గరుకు వైపున తెల్లని పూత ఎన్నోసార్లు వేసి, బల్లమీద పడుకోబెట్టి, రంగును గొట్టంలోంచి నేరుగా తీసి, కుంచె లేకుండా పలచటి కత్తితో రొట్టెకు వెన్న రాసినట్టు రాసేవారు. ఏ చదరం ముందు? మధ్యది. అక్కడినుంచి అంచులకు. తండ్రి తలుపుకు రంగువేయడం నేర్పిన పద్ధతే అది. పూర్తయ్యాక పలక వెనక ఏ రంగు, ఏ కంపెనీది అన్నీ సన్నటి అక్షరాలతో రాసిపెట్టేవారు. స్టాకు రిజిస్టరు రాసినవాళ్ళకు ఆ వెనక వైపు ముందు వైపు కంటే నచ్చుతుంది.

చదరాలు సరిగ్గా మధ్యలో ఉండవు. కిందికి జరిగి ఉంటాయి. కింద ఒక వంతు ఖాళీ ఉంటే, పక్కల రెండు వంతులు, పైన మూడు వంతులు. అందువల్ల లోపలి చదరం ఒకసారి లోతుగా, ఒకసారి ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. ఆయనకు కావలసింది చదరం కాదు, రంగు. ఒక రంగు పక్కన ఇంకో రంగు పెడితే రెండూ మారిపోతాయని చూపడానికి చదరం ఒక పళ్ళెం మాత్రమే. దీనిమీద 1963లో ఆయన రంగుల పరస్పర ప్రభావం గురించి పెద్ద గ్రంథం వెలువరించారు. అందులోని అభ్యాసాలకు కూడా రంగు డబ్బాల కంటే రంగు కాగితాలే మేలని చెప్పారు. అచ్చాఫీసుల్లో మిగిలిన ముక్కలు, పాత పత్రికలు, గోడ కాగితాలు సరిపోతాయి, కాగితమైతే కలపడంలో తేడా రాదు, అదే రంగు మళ్ళీ మళ్ళీ దొరుకుతుంది.

ఇది మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఎప్పుడో తెలుసు. చీరకు జాకెట్టు ముక్క తీసుకునేటప్పుడు, కొట్లో లైటు కింద నమ్మక, ముక్కను చీర అంచు పక్కన పెట్టి, వీధి గుమ్మంలోకి తెచ్చి పగటి వెలుతురులో చూస్తారు. కొట్టువాడు విసుక్కుంటాడు. చీర మీద పెట్టినప్పుడు మెరూన్ అయినది, చేతిలో పట్టుకుంటే ఎరుపు అవుతుంది. మా ఇంటావిడకు ఈ పుస్తకంలో సంగతి చెప్పబోతే, దీనికి అంత పుస్తకమెందుకని అడిగింది.

1958లో, డెబ్బయ్యో ఏట, యేల్‌లో ఆ పదవి నుంచి విరమించారు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ప్రతిరోజూ పనిగదిలోకి దిగారు. గొప్ప పేరు వచ్చినది ఈ పద్దెనిమిదేళ్ళలోనే. 1970లో దంపతులు కనెక్టికట్‌లోని ఆరెంజ్ అనే చిన్న ఊరికి మారారు. అదే సంవత్సరం బోట్రాప్ పట్టణం ఆయనను గౌరవ పౌరుణ్ణి చేసింది. 1971లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన జీవితకాల చిత్రాలన్నిటినీ ప్రదర్శించింది. బతికుండగా అలాంటి గౌరవం అక్కడ పొందిన మొదటి చిత్రకారుడు ఆయనే. 1976 మార్చి 25న, ఎనభైఎనిమిదేళ్ళు నిండిన ఆరు రోజులకు, న్యూహేవెన్‌లో కన్నుమూశారు. ఆన్నీ మరో పద్దెనిమిదేళ్ళు బతికి 1994లో పోయారు. 1983లో బోట్రాప్‌లో ఆయన పేర మ్యూజియం తెరిచారు.

డెస్సావ్ తరగతి గదుల్లో విద్యార్థులు చేసిన మడతలు మాత్రం దాదాపు ఏవీ మిగలలేదు. వాటిని దాచాలని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడున్నవి ఛాయాచిత్రాలు, వాటిని చూసి మళ్ళీ చేసినవి.

మా మనుమరాలు నేర్పగా నేను కూడా ఆ వలయాల మడత చేశాను. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గీతలు నొక్కుకుంటే మడత సులువు. మొదటి మూడు చిరిగాయి. నాలుగోది లేచింది. మధ్యలో పాత రూపాయి బిళ్ళంత రంధ్రం, ఎనిమిది వలయాలు చాలు, కాగితం మరీ మందంగా ఉండకూడదు. మొదటి తారీఖున సంఘం ఆఫీసుకు వచ్చేటప్పుడు నా సంచిలో రెండు మూడు తెస్తాను. పిల్లలను తీసుకువచ్చేవారికి అక్కడే చేసి చూపిస్తాను. వచ్చేవారు ఎవరి కాగితం వారు తెచ్చుకోవాలి.